చెట్టెక్కిన డిష్

"ఎడమకి... ఇంకాస్త ఎడమకి!"

"ఎవరి ఎడమకి? నీ ఎడమకా, నా ఎడమకా?"

చెట్టు మొదట్లో నిలబడ్డవాడు తల పట్టుకున్నాడు. పైన కొమ్మల మధ్య ఒక కుర్రాడు నడుముకి తాడు కట్టుకుని, రెండు కాళ్లతో మానుని కరుచుకుని ఉన్నాడు. వాడి మొహానికెదురుగా, కొమ్మకి బిగించిన ఇనప గొట్టం మీద ఒక టీవీ డిష్. బొమ్మలు చూపించడానికి తయారైన ఆ డిష్‌కి ఇప్పుడు వేరే పని పడింది. లోయకి అవతల రామ్చే అనే ఊరుంది. అక్కడా ఒక చెట్టు, చెట్టు మీద ఒక డిష్, దాన్ని పట్టుకుని ఇలాగే వేలాడుతున్న ఇంకొకడు. ఈ రెండు డిష్‌లూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవాలి. పెళ్లిచూపుల్లో లాగా ఓరచూపులు పనికిరావు. సూటిగా చూసుకోవాలి.

కింద బండరాయి మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న తెల్లదొర దేశం కాని దేశం నుంచి సొంత ఖర్చుతో వచ్చినవాడు. తెర మీద ఒక అంకె ఆడుతోంది. అంకె పెరిగితే చెయ్యెత్తుతున్నాడు, తగ్గితే పెదవి విరుస్తున్నాడు. గాలి ఒక్క విసురు విసిరితే కొమ్మ ఊగుతుంది, కొమ్మ ఊగితే అంకె పడిపోతుంది. మేకలు కాసుకునే ముసలాయన ఒకడు ఆగి చాలాసేపు చూశాడు.

"దీంట్లో పాటలొస్తాయా?"

"పాటలు కాదు తాతా, ఉత్తరాలొస్తాయి."

"చెట్టు మీదికా?"

నేపాల్ పశ్చిమ కొండల్లో మ్యాగ్ది జిల్లా, నాంగి గ్రామం, 2002. ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఇందులో ఊళ్లూ, సంవత్సరాలూ, జరిగిన పనులూ నిజం. చెట్టు కిందా కొండ మీదా వినిపించే మాటలు మాత్రం నేను అల్లుకున్నవి. పేరున్న ఏ మనిషి నోటా అవి పెట్టలేదు. డిష్ తిప్పేవాళ్లు ప్రపంచంలో ఎక్కడైనా ఇలాగే పోట్లాడుకుంటారు కాబట్టి పెద్దగా తప్పి ఉండనని ధీమా.

ముక్తినాథ్ యాత్ర చేసిన మనవాళ్లకి ఈ దారి తెలిసే ఉంటుంది. పోఖరా నుంచి బస్సో జీపో ఎక్కి బేని మీదుగా కాళీ గండకి నది వెంబడే పైకి పోతారు. సాలగ్రామాల కోసం కిందికి, నీళ్లలోకి చూస్తారే గాని, పక్కన కొండల మీద ఊళ్లున్నాయని తలెత్తి చూసేవాళ్లు తక్కువ. నాంగి అలాంటి ఊరు. ఏడువేల అడుగులు దాటిన ఎత్తు. మన తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ అంత ఎత్తు లేదు. మగర్ తెగవాళ్లు ఎక్కువ. మొక్కజొన్న, చిరుధాన్యం, బంగాళదుంప పండిస్తారు. మగపిల్లలు కాస్త ఎదిగితే గూర్ఖా సైన్యంలో చేరి బ్రిటన్‌కో ఇండియాకో పోవడం, సర్వీసు ముగిశాక పింఛనుతో తిరిగి రావడం తరతరాల ఆనవాయితీ. ఈ కథ నాటికి నాంగికి రోడ్డు లేదు. దగ్గరి రోడ్డు నుంచి కొండెక్కితే దాదాపు ఒక పగలు పడుతుంది. కరెంటు లేదు. టెలిఫోన్ లేదు.

అక్కడ 1955లో పుట్టిన పిల్లవాడు మహాబీర్ పున్. వాడి బడిలో కాగితం లేదు, పెన్సిల్ లేదు. ఒక చెక్కకి బొగ్గు పూసి నల్లగా చేసుకుని, మెత్తటి సుద్దరాయితో రాసేవాడు. మన పల్లెల్లో పలకా బలపం ఎరిగినవాళ్లకి ఇది వింతేమీ కాదు. కాకపోతే మన పలక కొట్లో దొరికేది, ఇతని పలక పొయ్యిలోంచి వచ్చేది. రాసింది రాత్రికి చెరిపెయ్యాలి, పొద్దున్నే మళ్లీ బొగ్గు పుయ్యాలి. నిన్న ఏం నేర్చుకున్నావో చూపించడానికి దగ్గర ఏమీ ఉండదు.

కొడుకుని చదివించాలని తండ్రి కుటుంబాన్ని కొండ దింపి, దక్షిణాన మైదానంలో ఉన్న చిత్వాన్‌కి తీసుకుపోయాడు. ఇది చిన్న విషయం కాదు. కొండవాడు కొండ దిగడమంటే పొలం, ఇల్లు, చుట్టపక్కాలు అన్నీ వదులుకోవడమే. మహాబీర్ హైస్కూలు ముగించి, తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ చదివించడం కోసం దాదాపు పన్నెండేళ్లు పంతులు ఉద్యోగం చేశాడు. ముప్పై దాటాక కాలేజీ యావ పట్టుకుంది. అమెరికాలో ఎన్నో విశ్వవిద్యాలయాలకి ఉత్తరాలు రాస్తే, నెబ్రాస్కా రాష్ట్రంలో కియర్నీ అనే ఊళ్లో ఉన్న విశ్వవిద్యాలయం ఉపకార వేతనం ఇచ్చి పిలిచింది. 1992లో డిగ్రీ చేతికొచ్చింది.

అమెరికా డిగ్రీ చేతిలో ఉన్నవాడు ఏం చేస్తాడో మన తెలుగువాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈయన మాత్రం నాంగికి తిరిగొచ్చాడు. ఊరు విడిచి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఊళ్లో హైస్కూలు పెట్టాలని జనం అనుకుంటున్నారు. హిమాంచల్ హైస్కూలు అలా మొదలైంది. సర్కారు ఇచ్చేది బొటాబొటీ కాబట్టి బడి తన కాళ్ల మీద తాను నిలబడాలి. చేతి కాగితం తయారీ, తేనెటీగల పెంపకం, జడల బర్రెని ఆవుతో కలిపి సంకర జాతిని పెంచడం, కొండలెక్కే విదేశీయులకి గుడారాల విడిది, ఇలా రకరకాల పనులు పెట్టారు. వచ్చిన డబ్బు బడికి. బడి అంటే నాలుగు గదులూ గంటా కాదు, ఊరి వ్యాపారం కూడా అన్న ఈ ఆలోచన తర్వాత ఎంత పనికొచ్చిందో ముందుకి పోతే తెలుస్తుంది.

1997లో ఆస్ట్రేలియాలోని ఒక బడి పిల్లలు తాము వాడేసిన నాలుగు కంప్యూటర్లు పంపారు.

కరెంటు లేని ఊరికి కంప్యూటర్లు! వినడానికి నవ్వొస్తుంది. కాని కొండల్లో కరెంటు లేకపోయినా వాగు ఉంటుంది. వాగు నీటిని గొట్టంలోకి మళ్లించి చిన్న జనరేటర్లు తిప్పారు. నాలుగు కంప్యూటర్లు ఎన్ని తరగతులకి సరిపోతాయి? మహాబీర్ సర్ ఎక్కడెక్కడి నుంచో పాత విడిభాగాలు అడిగి తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఒకచోటి నుంచి మదర్‌బోర్డు, ఒకచోటి నుంచి హార్డ్ డిస్కు. ఇనప పెట్టె మొయ్యడం దండగ, ఖర్చు కూడా. అందుకని చెక్క పెట్టెలు చేయించారు. ఒక్కసారి ఊహించుకోండి. మన ఇళ్లల్లో పోపుల పెట్టె ఉండేది చూశారా, దానికి అన్నలాంటి పెట్టె. మేకులు కొట్టిన మూలలు. వెనకాల కన్నంలోంచి తీగలు. లోపల ఫ్యాను తిరుగుతుంటే చెక్క సన్నగా వణికే చప్పుడు. పాడైతే మూత తీస్తే చాలు, లోపల ఏముందో పిల్లలందరికీ కనపడుతుంది. మూత తీయకూడని వస్తువుని మనిషి వాడతాడే గాని బాగుచెయ్యడు. చెక్క పెట్టె చేసిన మేలు అదీ. నాంగి పిల్లలు మౌసు పట్టడంతో పాటు స్క్రూడ్రైవరు పట్టడం కూడా నేర్చుకున్నారు.

ఇంతవరకు బాగానే ఉంది. కంప్యూటరు వచ్చిందన్న మాటే గాని, అది బావిలో కప్ప. మహాబీర్ సర్‌కి నెబ్రాస్కా స్నేహితుల నుంచీ దాతల నుంచీ ఈమెయిళ్లు వస్తుంటాయి. అవి చూసుకోవాలంటే పోఖరా పోవాలి. కొండ దిగడం, బస్సెక్కడం, పోఖరాలో పని చూసుకోవడం, మళ్లీ బస్సు, మళ్లీ కొండ. ఒక్క ఉత్తరానికి జవాబు రాయడానికి రోజులు పట్టేవి. టెలిఫోన్ తీగ వేయమని అడిగితే పని జరగలేదు. ఉపగ్రహం ద్వారా తెచ్చుకుందామంటే ఆ ఖర్చు ఊరు మొత్తం అమ్ముకున్నా తీరేది కాదు.

2001లో ఆయన బీబీసీకి ఒక ఈమెయిలు రాశాడు. మా ఊరి సంగతి ఇదీ, ఇంటర్నెట్ తెచ్చుకోవడానికి చవకైన దారి ఎవరికైనా తెలుసా అన్నది దాని సారాంశం. డబ్బు అడగలేదు, ఉపాయం అడిగాడు. మనలో చాలామందికి ఈ రెండింటికీ తేడా తెలియదు. డబ్బు అడిగితే ఇవ్వగలిగినవాళ్లే జవాబిస్తారు. ఉపాయం అడిగితే తెలిసినవాడల్లా ఇస్తాడు. బీబీసీ ఆ కథ వేసింది. ఐరోపా నుంచీ అమెరికా నుంచీ సాంకేతికం తెలిసినవాళ్లు జవాబులు రాశారు. వాళ్ల జవాబుల్లోంచి తేలిన దారి: వైఫై.

అప్పటికి వైఫై పసిబిడ్డ. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి, మహా అయితే వంద మీటర్లు పోవడానికి తయారైన పరికరం. దాన్ని పోఖరా నుంచి కొండల మీదుగా ముప్పై నలభై కిలోమీటర్లు నడిపించాలి. ఎలా? టార్చిలైటు ఉదాహరణ తీసుకోండి. బల్బు ఒక్కటే వెలిగిస్తే వెలుగు చుట్టూ చిందిపోతుంది. వెనక అద్దం పెడితే ఒకే దిక్కుకి దూరం పోతుంది. రేడియో తరంగానికి ఆ అద్దమే డిష్. పరికరం బలం పెరగదు, ఉన్న బలమంతా ఒకే గీత మీదికి వస్తుంది. కాకపోతే గీత అనడం కూడా తప్పే. రెండు డిష్‌ల మధ్య ఆ తరంగం కదురులా ఉంటుంది, చివర్లు సన్నగా, నడుమ లావుగా. ముప్పై కిలోమీటర్ల దూరమైతే ఆ నడుము చుట్టూ ఇరవై ముప్పై మీటర్ల వరకు అడ్డు లేకపోతేనే మంచిది. కొండ కొసకి తగలకుండా పోతే చాలదు, ఎడంగా పోవాలి. పైగా ఆ దూరానికి డిష్ ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే అవతల చూపు అర కిలోమీటరు తప్పుతుంది. అందుకే ఆ చెట్టు మీద 'నీ ఎడమా, నా ఎడమా' గొడవ.

చెట్టే ఎందుకు? ఇనప టవరు కొండ మీదికి మోసేది మనుషుల వీపే. డబ్బు కూడా లేదు. చెట్టు అక్కడ ముందే నిలబడి ఉంది. కాని చెట్టుకి ప్రాణముంది, అదే చిక్కు. పెరుగుతుంది, ఊగుతుంది, ఆకులు తొడుగుతుంది. వైఫై తరంగమూ వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ తరంగమూ దాదాపు ఒకటే జాతి. నీళ్లు కనపడితే అందులో కరిగిపోతుంది. వాన కురిసి ఆకులు తడిస్తే సిగ్నల్ సగానికి సగం మింగేస్తాయి. వానాకాలం నాంగిలో ఎంత పొడుగో చెప్పక్కర్లేదు.

ఇక అసలు గండం వేరే ఉంది. అప్పుడు నేపాల్‌లో యుద్ధం నడుస్తోంది. మావోయిస్టుల తిరుగుబాటు 1996లో మొదలైంది. 2001 జూన్‌లో రాజభవనంలోనే రాజు బీరేంద్ర కుటుంబం హతమైంది. అదే ఏడాది నవంబరులో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. రేడియో పరికరం దగ్గర పెట్టుకోవడానికి మామూలు రోజుల్లోనే లైసెన్సు కావాలి. యుద్ధం రోజుల్లో కొండ మీద అంటెన్నా అంటే సైన్యానికి ఒక అనుమానం, తిరుగుబాటుదారులకి ఇంకో అనుమానం. సిగ్నల్ ఎవరికి పోతోంది? లోపల ఏం మాట్లాడుకుంటున్నారు? బడిపిల్లల కోసం అని చెబితే నమ్మేది ఎవరు?

వైఫై పరికరాలు విదేశీ మిత్రుల సామాన్లలో దాక్కుని వచ్చాయి. చట్టం కళ్లతో చూస్తే అది దొంగ రవాణాయే. ఈ మాట మెత్తగా చెప్పడం నాకిష్టం లేదు. ఆ ఊళ్లో తొలి ఈమెయిలు నేరం మీద నడిచింది. చట్టం తెలియక కాదు, తెలిసే ఆ పని చేశారు. లైసెన్సు కోసం రాజధాని మెట్లు ఎక్కుతూ కూర్చుంటే పిల్లలు పెద్దవాళ్లయిపోతారని లెక్క వేసుకున్నారు. వాళ్ల లెక్క సరైనదని నా అభిప్రాయం. కాని పట్టుబడి ఉంటే? ఆ రోజుల్లో నేపాల్‌లో మనుషులు ఏ విచారణా లేకుండా మాయమైపోయారు. 2004 మార్చి 20 రాత్రి మ్యాగ్ది జిల్లా కేంద్రమైన బేని మీదే మావోయిస్టులు పెద్ద దాడి చేశారు. నాంగి వాళ్లు ఉప్పూ పప్పూ కొనుక్కోవడానికి దిగే బజారు అది.

నాంగికీ రామ్చేకీ మధ్య లంకె కుదిరింది 2002లో. మొదట చెప్పానే, ఆ చెట్ల సంగతి అదే. రెండు ఊళ్లు మాట్లాడుకున్నాయి గాని, ప్రపంచం ఇంకా పోఖరాలోనే ఉంది. మధ్యలో కొండలు అడ్డం. కొండ శిఖరం మీద రిలే పెట్టాలి. ఒకవైపు డిష్ పోఖరాని చూడాలి, ఇంకో డిష్ ఊళ్లని చూడాలి. చిన్న చిన్న విరాళాలు పోగు చేసి ఆ స్టేషన్లు కట్టారు. స్టేషన్ అంటే పెద్ద మాట. రాళ్లు పేర్చిన చిన్న గది, సోలార్ పలకలు, మోటారు బండికి వాడేవాటి లాంటి బ్యాటరీలు, వానకి తడవకుండా డబ్బాలో మూసిన వైఫై పరికరం. ఇవన్నీ గంపల్లో పెట్టి, గంప తాడు నుదుటికి తగిలించుకుని మోశారు. మన దగ్గర తల మీద మోస్తాం, వాళ్లు నుదుటితో మోస్తారు.

పదివేల అడుగుల ఎత్తున, మోహరే డాండా లాంటి చోట చలికాలం రిలే కాపలా ఎలా ఉంటుందో ఊహించండి. పొద్దున్నే సోలార్ పలక మీద మంచు తుడవాలి. తుడవకపోతే బ్యాటరీ నిండదు, నిండకపోతే సాయంత్రానికి కింద ఊళ్లన్నీ మూగపోతాయి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి. కప్పు మీద పిడుగు పడకుండా దేవుణ్ణి వేడుకోవాలి. పిడుగులు కొండకొసల్నే వెతుక్కుంటూ వస్తాయి. అంటెన్నా కూడా కొండకొసనే ఉండాలి. ఈ తగవు ఈనాటికీ తీరలేదు.

"అన్నా, మూడో ఊరికి సిగ్నల్ పోవడం లేదు."

"కేబుల్ చూశావా?"

"ఎలుక కొరికింది అన్నా."

పెద్ద పెద్ద నగరాల డేటా కేంద్రాల్లో నెట్‌వర్కు ఎందుకు పడిపోయిందో రాసే పుస్తకం ఒకటి ఉంటుంది. కొండ మీద రాస్తే ఆ పుస్తకంలో ఎలుక, కోతి, పిడుగు, మంచు, మేక అనే ఐదు కారణాలతో సగం పేజీలు నిండుతాయి.

2003లో నాంగి పోఖరా మీదుగా ఇంటర్నెట్‌లోకి వచ్చింది.

ఆ రోజు ఊళ్లో ఏం జరిగిందో నాటకీయంగా రాయాలని చెయ్యి దురద పెడుతుంది. డప్పులు, దీపాలు, కన్నీళ్లు. రాయను. ఇలాంటి రోజు ఎలా ఉంటుందో కొంచెం ఎరుగుదును. పేజీ సగం తెరుచుకుని ఆగిపోతుంది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. ఎవరో వెనక నుంచి 'అయిపోయిందా?' అంటారు. మళ్లీ ఎవరో చెట్టెక్కుతారు.

కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం దీని తర్వాతది, లెక్కల పద్దు. పోఖరాలో ఇంటర్నెట్ కంపెనీకి నెల నెలా డబ్బు కట్టాలి. నాంగి ఒక్క ఊరూ మొయ్యలేదు. పక్క ఊరు కలిస్తే భారం సగమవుతుంది. పది కలిస్తే మోయదగ్గ బరువవుతుంది. అందుకే రామ్చే, టికోట్, ఘోరేపానీ అంటూ ఊరు తర్వాత ఊరు ఈ తీగలేని తీగకి వచ్చి తగులుకున్నాయి. 2007 నాటికి పన్నెండు ఊళ్లు. ప్రతి ఊళ్లోనూ మూలస్థానం బడే. బడి కంప్యూటర్ గది పగలు పిల్లలది, పొద్దుగూకాక ఊరిది. ఊరివాళ్లు వాడుకుని ఇచ్చిన చిల్లర బిల్లులోకి పోతుంది. ఒకే చెరువు కింద పది ఊళ్ల ఆయకట్టు ఉంటే మనవాళ్లు ఏం చేసేవారు? నీరుకట్టుని పెట్టుకునేవారు. ఏ తూము ఎప్పుడు తెరవాలో, గట్టు తెగితే ఏ ఇంటి నుంచి ఎంతమంది రావాలో వాడికి కంఠతా. నాంగి వాళ్లు చేసింది సరిగ్గా అదే. కాకపోతే చెరువు పోఖరాలో ఉంది, కాలవ గాలిలో ఉంది.

ఇక వాడకం సంగతి. కొండ బడులకి లెక్కల టీచరు, ఇంగ్లీషు టీచరు దొరకడం ఎంత కష్టమో ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసిన వాళ్లని అడగండి. ఒక ఊళ్లో మంచి టీచరు ఉంటే ఆయన పాఠం ఇంకో ఊరి బడిలో తెర మీద వినేలా చేశారు. ఊరి ఆరోగ్య కార్యకర్త ముందు రోగిని కూర్చోబెట్టి, ఖాట్మండులో మోడల్ హాస్పిటల్ డాక్టర్లతో వీడియోలో మాట్లాడించారు. జబ్బు నయం కావడం ఒక ఎత్తు. ఈ రోగిని డోలీ కట్టి కొండ దింపాలా, అక్కర్లేదా అన్నది గంటలో తేలడం ఇంకో ఎత్తు. డోలీ మోసినవాళ్లకే ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. పై కొండల్లో జడల బర్రెలు కాసుకునేవాళ్లు బేరగాళ్లతో మాట్లాడటానికి రోజుల తరబడి కిందికి నడిచే బాధ తప్పింది. ఇంటర్నెట్ ద్వారా నడిచే ఫోన్లతో ఊరికీ ఊరికీ మధ్య మాటలు కలిశాయి. గల్ఫ్‌లోనో మలేషియాలోనో ఉన్న కొడుకు గొంతు వినడం కోసం ముసలమ్మలు బడికి నడిచి వచ్చే రోజులు మొదలయ్యాయి. అది చూస్తే నాకు కరీంనగర్ జిల్లా గుర్తొస్తుంది. గల్ఫ్ ఫోను కోసం ఎస్టీడీ బూత్ ముందు బల్ల మీద కూర్చున్న అమ్మల మొహాలు, రెండు చోట్లా ఒకటే.

2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర అధికారం చేతిలోకి తీసుకుని దేశమంతటా ఫోన్లు, ఇంటర్నెట్ కోయించాడు. ఎన్ని చెట్లెక్కినా పైవాడు పీక నొక్కితే కిందివాడికి ఊపిరి ఆడదని తెలిసింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో జనం వీధుల్లోకి వచ్చి రాజు చేత ఆ అధికారం వదిలించారు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం ముందు మహాబీర్ సర్ మొరపెట్టుకున్నది ఒకటే: వైఫై నడిచే బ్యాండ్లకి లైసెన్సు ఎత్తెయ్యండి. ఎత్తేశారు. ఏళ్ల తరబడి దొంగచాటుగా నడిచిన డిష్‌లు అక్కడితో చట్టబద్ధమయ్యాయి. మన దేశంలో ఆరుబయట వైఫైకి ఇలాంటి సడలింపు 2005 జనవరిలో వచ్చింది. వచ్చిన వెంటనే హిమాచల్ కొండల్లో ధర్మశాల చుట్టుపక్కల టిబెటన్ బడులు, సంస్థలు కలిసి ఇలాంటి ఉమ్మడి వైఫై నెట్‌వర్కే కట్టుకున్నాయి. ఒక చిన్న జీవో ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇది చాలు.

2007 ఆగస్టులో మనీలాలో రామన్ మెగసెసే పురస్కారం. ఆ ఏడాది సామాజిక నాయకత్వానికి మహాబీర్ పున్‌కి ఇచ్చారు. అదే ఏడాది పాత్రికేయ విభాగంలో అందుకున్నది మన పాలగుమ్మి సాయినాథ్. ఒకరు పల్లె కష్టం రాసి చూపించినవాడు, ఇంకొకరు పల్లె చేతే రాయించినవాడు. 2014లో ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూడా మహాబీర్ పేరు చేర్చారు. నెట్‌వర్కు తర్వాతి ఏళ్లలో నేపాల్ వేరే జిల్లాలకీ పాకి వంద ఊళ్లు దాటింది. ఈలోగా మొబైల్ టవర్లు కొండల్లోకీ వచ్చాయి, చేతిలో ఫోను వచ్చింది. చెట్టు డిష్‌ల అవసరం తగ్గింది. తగ్గడమే మంచిది. ఊతకర్ర అరిగిపోయిందని ఎవరూ ఏడవరు. నాంగి కుర్రాళ్లు చదువుకుని ఊళ్లోనే ఉండిపోయారా అంటే, అదీ లేదు. నేపాల్ పల్లెలన్నిటి లాగే అక్కడి నుంచీ వలస ఆగలేదు. ఇంటర్నెట్ దారి రెండు వైపులా తెరుచుకుంటుంది, లోపలికి వచ్చే దారే బయటికి పోయే దారి. దీన్ని ఓటమి అనేవాళ్లున్నారు. నేననను. మహాబీర్ సర్ కూడా అమెరికా వెళ్లకుండా తిరిగొచ్చినవాడు కాదు కదా.

ఖాట్మండులో ఆయన 2012లో జాతీయ ఆవిష్కరణ కేంద్రం పెట్టాడు. 2025 సెప్టెంబరులో సుశీలా కార్కి తాత్కాలిక ప్రభుత్వంలో, బొగ్గు పూసిన చెక్క మీద అక్షరాలు దిద్దిన ఆ పిల్లవాడు విద్యాశాఖ మంత్రిగా ప్రమాణం చేశాడు.

ఇక మన సంగతి. ఊరూరికీ ఫైబర్ అనే పథకం మన దేశంలో 2011లోనే మొదలైంది, తర్వాత దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల ప్రకారం 2023-24లో దేశంలో ఇంటర్నెట్ ఉన్న బడులు నూటికి 53.9. ఆ బడుల్లో కూడా ఎన్నింట్లో ఈ రోజు పొద్దున పనిచేసింది అన్నది ఏ లెక్కలోనూ ఉండదు. నేను చూసిన ఒక బడిలో, పేరు వద్దు, హెడ్మాస్టరు గది గోడకి ఫైబర్ డబ్బా ఉంది. దాని మీద పూలదండ వేసి ఉంది. ప్రారంభోత్సవం నాటిదట. వాడిపోయి, ఎండిపోయి, తీగకి చుట్టుకుని అలాగే ఉంది. డబ్బాలో లైటు వెలగడం లేదు. కంప్లైంటు ఎవరికి చెయ్యాలండీ అంటే, అదే తెలియడం లేదండీ అన్నాడాయన. పాపం, ఆయన తప్పు లేదు. తీగ వేసింది ఒక శాఖ, డబ్బా బిగించింది ఒక కాంట్రాక్టరు, బిల్లు కట్టాల్సింది ఇంకెవరో. చెట్టెక్కే కుర్రాడు మాత్రం ఎవరి జాబితాలోనూ లేడు.

సంక్రాంతికో దసరాకో ఊరెళ్లినప్పుడు ఒక పూట మీరు చదివిన బడికి వెళ్లండి. గోడకి ఆ డబ్బా ఉందేమో, లైటు వెలుగుతోందేమో చూడండి. బిల్లు ఎవరు కడుతున్నారో, పాడైతే ఎవరు వస్తున్నారో హెడ్మాస్టర్ని అడగండి. ఎవరూ రావడం లేదంటే, పక్క ఊరి బడిలో కూడా ఇదే ప్రశ్న అడిగి రండి.